మిషన్ కొనే ముందు మా కాళ్ల మాట కూడా వినండి



పోస్టు పొడుగుది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఇంట్లో తెలుగు మాట్లాడడం వచ్చి అక్షరాలు రాని పిల్లలుంటే చదివి వినిపించండి. వాళ్లకే ఇది ఎక్కువ అవసరం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం వచ్చింది. కాళ్లు బిగుసుకుపోయే వంశపారంపర్య జబ్బుతో బాధపడే మనవాళ్ల కోసం చందాలు వేసి ఒక షాక్‌వేవ్ మిషన్ కొందామని, నెలలో సగం రోజులు కోవిల్‌పట్టిలో, సగం రోజులు విరుదునగర్‌లో నడుపుదామని. మైకులో ఒక మాట కూడా అన్నారు: "మన పిల్లలు మళ్లీ లేచి నడుస్తారు." హాలంతా చప్పట్లు. కొందరు అక్కడికక్కడే మొయి రాసినట్టు పేర్లు రాయించారు.

ఆ చప్పట్లలో మా చేతులు కలవలేదు. అది చూసిన వాళ్లు బయటికొచ్చి, "వాళ్ల కోసమే కదా చేస్తున్నాం, వాళ్లకే పట్టనట్టుంది" అన్నారట. పట్టకపోవడం కాదు. ఆ జబ్బు ఉన్న ఇళ్లు మావి. రెండు ఊళ్లలో కలిపి ఆరు కుటుంబాలం కూర్చుని మాట్లాడుకుని ఇది రాస్తున్నాం. మిషన్‌కు మేము శత్రువులం కాదు. మాలో ముగ్గురు ఆ మిషన్ కింద కాలు పెట్టినవాళ్లే. అందుకే మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాం.

ముందు జబ్బు గురించి. సమావేశంలో ఒకరు వాతం అన్నారు, ఒకరు పోలియో అన్నారు, ఇంకొకరు దిష్టి అన్నారు. దీని పేరు హెరిడిటరీ స్పాస్టిక్ పారాప్లీజియా, పొట్టిగా హెచ్ఎస్‌పీ. 1880లో స్ట్రుంపెల్ అనే జర్మన్ డాక్టరు ఇద్దరు అన్నదమ్ముల్లో దీన్ని గుర్తించి రాశాడు. ఇది ఒకే జబ్బు కాదు, ఒక గుంపు. ఇప్పటికి 80కి పైగా జన్యు రకాలు తెలిశాయి. కొన్ని చిన్నప్పుడే మొదలవుతాయి, కొన్ని నలభై దాటాక.

లోపల జరిగేది ఇది. మెదడు నుంచి వెన్నులోకి దిగి కాళ్లకు కబురు చేరవేసే నరాల తీగలు ఒంట్లో చాలా పొడుగైనవి. ఈ జబ్బులో అవి కొస నుంచి పాడవుతూ వస్తాయి. మన కరిసల్ ఊళ్లలో చెరువు నిండని ఏడు ఏమవుతుంది? తూము దగ్గరి మడికి నీళ్లుంటాయి, కాలవ కొస మడి ముందు ఎండుతుంది. ఇదీ అంతే. అందుకే చేతులు చాలామందిలో బాగానే ఉంటాయి, కాళ్లు దెబ్బతింటాయి. మెదడు "కదులు" అని చెప్పడమే కాదు, "బిగుసుకోకు" అని కూడా కాలికి చెబుతూ ఉంటుంది. ఆ రెండో కబురు ఆగిపోతే పిక్కలు, తొడ లోపలి కండరాలు వాటంతట అవే బిగుసుకుంటాయి. దానికి తోడు బలం కూడా తగ్గుతుంది. బిగుతు, బలహీనత రెండూ ఒకే కాలిలో ఉంటాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా ఇళ్లలో జబ్బును డాక్టరు కంటే ముందు చెప్పులు చెబుతాయి. అందరి చెప్పులు మడమ దగ్గర అరుగుతాయి, మావాళ్లవి బొటనవేలి దగ్గర అరుగుతాయి. పాదం ముందుభాగం లేవదు, నేలను రాసుకుంటూ పోతుంది. రాత్రి వాకిట్లో ఈడ్చుకుంటూ వచ్చే చప్పుడును బట్టి ఎవరు వస్తున్నారో చెప్పగలం. తర్వాత మోకాళ్లు ఒకదానికొకటి తగలడం. తర్వాత టౌన్ బస్సు మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కలేని రోజున అగ్గిపెట్టెల కంపెనీ పని పోతుంది, కాలేజీ పోతుంది. ఒంటికి వస్తే ఆపుకోలేకపోవడం అనే బాధ వేరే ఉంది. ఆడవాళ్లు ఆ భయంతో పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా పెళ్లికి వస్తారు. ఇది మీకు తెలిసి ఉండదు. మేము చెప్పలేదు కాబట్టి.

ఇప్పుడు మిషన్ సంగతి.

షాక్‌వేవ్ అంటే కరెంటు షాకు కాదు. ఇది ఒత్తిడి అల. మొదట దీన్ని వాడింది కిడ్నీలో రాళ్లకు, 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో. ఒంటిని కోయకుండా బయటి నుంచే అలలు పంపి రాయిని పొడి చేశారు. తర్వాత మడమ నొప్పికి, భుజం నొప్పికి వచ్చింది. ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో మామూలుగా కనిపించేది రేడియల్ రకం. చేతిలో పట్టుకునే తుపాకీ లాంటి దాంట్లో గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు ముక్క ముందుకు వెనక్కు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ చర్మం మీదుగా కండరంలోకి అలగా పోతుంది. ఒక్కో కండరానికి ఒక సిట్టింగులో పదిహేను వందలు, రెండు వేల దెబ్బలు వేస్తారు.

బిగుతుకు ఇది పనికొస్తుందని మొదట గట్టిగా చూపించినవాళ్లలో ఇటలీ డాక్టర్లున్నారు. 2005లో పక్షవాతం వచ్చిన 20 మంది చేతులకు ఇచ్చి చూశారు, బిగుతు తగ్గింది, నాలుగు వారాల తర్వాత కూడా ఆ తగ్గుదల ఉంది. 2010లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 12 మంది పిల్లల పిక్కలకు ఇచ్చారు, వాళ్లలోనూ తగ్గింది. ఇవి అబద్ధాలు కావు. మేము వాటిని కాదనడం లేదు.

2015లో ఇటలీలోనే మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న 68 మంది మీద ఇంకొక పరీక్ష జరిగింది. ఎవరికి అసలు మిషన్, ఎవరికి ఉత్తుత్తి మిషన్ అన్నది రోగికి తెలియకుండా చేశారు. నొప్పి బాగా తగ్గింది. బిగుతు మాత్రం చివరి సిట్టింగు అయిన వారానికే తగ్గి కనిపించింది, ఆ తర్వాత నిలవలేదు. వెన్నులోని నరాల చురుకులో మార్పే లేదు. అంటే ఏమిటి? మిషన్ కండరం మీద పనిచేస్తోంది, నరం మీద కాదు. ఏళ్ల తరబడి బిగుసుకుని కండరం తోలులా గట్టిపడుతుంది కదా, ఆ గట్టిదనాన్ని కొన్నాళ్లు మెత్తబరుస్తుంది. తెగిన కబురును మళ్లీ కలపదు. కాలవ కొసకు నీళ్లు తేదు, ఎండిన మడిని కాస్త దున్నుతుంది, అంతే.

ఈ పరీక్షల్లో ఉన్నవాళ్లెవరో చూడండి. పక్షవాతం వచ్చినవాళ్లు, సెరిబ్రల్ పాల్సీ పిల్లలు, మల్టిపుల్ స్క్లెరోసిస్ వాళ్లు. పక్షవాతం ఒకసారి వచ్చి ఆగుతుంది, సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. మా జబ్బు ఏటేటా కొంచెం ముందుకు పోతుంది. వాళ్లకు వచ్చిన ఫలితాన్ని మాకు అరువు తెచ్చి, దాని మీద "లేచి నడుస్తారు" అని మైకులో చెప్పడం న్యాయమా?

హెచ్ఎస్‌పీ వాళ్ల మీదే చేసిన ఒక పరీక్ష గురించి చెప్తాం. షాక్‌వేవ్ కాదు, బిగుతు తగ్గించే ఇంకొక వైద్యం, బొటాక్స్ ఇంజెక్షన్. బ్రెజిల్‌లో 55 మందికి ఇచ్చారు, ఫలితాలు 2021లో వచ్చాయి. తొడ లోపలి కండరాల బిగుతు తగ్గింది. నడక వేగం మాత్రం పెరగలేదు. మళ్లీ చదవండి: బిగుతు తగ్గింది, నడక మారలేదు.

ఎందుకలా అంటే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. కాలిలో బిగుతూ ఉంది, బలహీనతా ఉంది. చాలామందికి ఆ బిగుతే గుంజలాగా నిలబెడుతుంది. పాత ఇంటికి ఆనించిన గుంజ అందంగా ఉండదు, దారికి అడ్డం కూడా. అలాగని గోడ చూడకుండా గుంజ లాగేస్తే ఏమవుతుంది? మాలో ఒకరికి అదే అయింది. ఒక పెద్ద ఊరి క్లినిక్కులో, పేరు వద్దు, పన్నెండు సిట్టింగుల ప్యాకేజీ ముందే డబ్బు కట్టించుకుని మొదలుపెట్టారు. నాలుగో సిట్టింగుకు పిక్క నిజంగానే వదులైంది. రాత్రి కొంకర్లు తగ్గి ఏడాది తర్వాత నిండా నిద్రపోయాడు. ఆ సుఖం తక్కువది కాదు, మేము మర్చిపోలేదు. కానీ ఆరో సిట్టింగు అయిన మర్నాడు ఇంటి గడప దగ్గర మోకాలు మడతపడి పడ్డాడు. మణికట్టు విరిగింది. క్లినిక్కులో అడిగితే, "ఇంకో ఆరు సిట్టింగులు తీసుకుంటే బలం వస్తుంది" అన్నారు. బలం ఆ మిషన్‌తో రాదు. వ్యాయామంతో వస్తుంది, అదీ ఉన్నంతలో. ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. నడకను మొదటి రోజు కొలిచినవాళ్లు లేరు, ఆరో రోజు కొలిచినవాళ్లూ లేరు. కొలవకుండా అమ్మే బియ్యం కొంటామా మనం?

"అదొక క్లినిక్కు తప్పు, మనం మంచిగా నడుపుతాం" అనవచ్చు. సరే, ఆ మాటకే వద్దాం. మన మిషన్ కింద ఎవరు కాలు పెడతారు? కాళ్లు బిగుసుకున్న ప్రతివాళ్లకీ హెచ్ఎస్‌పీ ఉండదు. ఒంట్లో విటమిన్ బి12 తగ్గినా నడక ఇలాగే బిగుసుకుంటుంది, అది వేళకు కనుక్కుంటే ఇంజెక్షన్లతో మెరుగుపడే జబ్బు. మెడలోనో వీపులోనో ఎముకో గడ్డో వెన్నును నొక్కినా ఇలాగే ఉంటుంది, దానికి ఆపరేషన్ కావాలి, అదీ ఆలస్యం కాకుండా. పిల్లల్లో ఇంకొకటి ఉంది: పొద్దున బాగా నడిచి సాయంత్రానికి కాళ్లు బిగుసుకుపోతాయి. అది డోపాకు లొంగే డిస్టోనియా అయితే కొద్ది మోతాదు లెవోడోపా మాత్రతో పిల్ల పరుగెత్తుతుంది. పరుగెత్తాల్సిన ఆ పిల్లను తెచ్చి మనం నెలనెలా మిషన్ కింద కూర్చోబెడితే? అది సేవా, పాపమా? రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు, గర్భిణులకు, కాలి సిరలో రక్తం గడ్డకట్టినవాళ్లకు ఈ మిషన్ పెట్టకూడదు. పెరిగే పిల్లల ఎముకల కొసల దగ్గర జాగ్రత్త కావాలి. ఇవన్నీ చూసేదెవరు? వంతుల వారీగా వచ్చే వాలంటీర్లా?

మొదటి రూపాయి మిషన్‌కు కాదు, జబ్బు పేరు తెలుసుకోవడానికి పోవాలి. మదురైలోనూ తిరునెల్వేలిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో నరాల డాక్టర్లున్నారు. విరుదునగర్‌లోనే 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. వెన్నుకు ఎంఆర్ఐ, బి12 రక్తపరీక్ష, ఆ తర్వాత జన్యు పరీక్ష. మాలో రెండు కుటుంబాలకు ఇప్పటికీ జన్యు పరీక్ష కాలేదు, డబ్బు లేక. పన్నెండు సిట్టింగుల ప్యాకేజీకి మాత్రం అప్పు పుట్టింది. ఎందుకంటే ఆశకు అప్పు ఇస్తారు, పరీక్షకు ఇవ్వరు.

ఇక సమావేశం తర్వాత మా చెవిన పడిన మాటలకు జవాబు.

"ఏదో ఒకటి చేయాలి కదా?" చేయాలి. కానీ "ఏదో ఒకటి" అన్నది చేసేవాళ్ల తృప్తికి సరిపోతుంది, పడేవాళ్ల కాలికి సరిపోదు.

"సైన్సును అడ్డుకుంటున్నారు." సైన్సు చెప్పినదే పైన రాశాం. అంకెలు కూడా రాశాం. సైన్సు చెప్పని మాటను మైకులో చెప్పింది మేము కాదు.

"దాతలు మిషన్‌కైతేనే ఇస్తామంటున్నారు." ఇదొక్కటే నిజమైన కారణమని మా అనుమానం. మిషన్ మీద పేరు చెక్కిన రేకు బిగించవచ్చు. ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టవచ్చు, ఫొటో తీసి గ్రూపులో పెట్టవచ్చు. ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయికి రెండేళ్లు జీతం ఇస్తే ఆ పిల్ల మీద రేకు ఎక్కడ బిగిస్తారు? రాత్రి పడుకునేటప్పుడు పాదం వాలిపోకుండా కట్టుకునే స్ప్లింట్ మీద ఎవరి తాతగారి పేరు రాస్తారు? దాతలను తప్పు పట్టడం లేదు. వాళ్ల మనసు మంచిదే. వాళ్లకు నిజం చెప్పకుండా చెక్కు రాయించుకోవడం మాత్రం మంచిది కాదు.

ఒక సంగతి రాయకుండా ఉండలేం. ఆ మిషన్ పెడతామన్న మన కల్యాణ మండపం మేడ గదికి పద్దెనిమిది మెట్లు. లిఫ్టు లేదు, పట్టుకోవడానికి ఒకవైపే కడ్డీ. భోజనాల హాలుకు ఇంకో ఏడు మెట్లు. మావాళ్ల కోసం కొన్న మిషన్ దగ్గరికి మావాళ్లే ఎక్కలేరు. పదేళ్లుగా మన పెళ్లిళ్లకు వచ్చి కిందే కూర్చుని, ఎవరో ఆకులో కట్టి తెచ్చిన అన్నం తిని వెళ్లిపోతున్నాం. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. మిషన్ తట్టింది.

ఇప్పుడు అసలు గొంతులో ముల్లు.

ఈ జబ్బు వంశంలో వస్తుందని తెలిసీ దాచుకున్నాం. మేమూ దాచాం. ఒకరి చెల్లెలి పెళ్లిచూపుల రోజు అన్నను పెరటి గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. వచ్చినవాళ్లకు "పెద్దోడు తిరుప్పూర్‌లో పనికి పోయినాడు" అని చెప్పారు. లోపల నుంచి చిన్న దగ్గు కూడా రాకుండా వాడు పై పంచె నోట్లో కుక్కుకున్నాడు. ఆ పని చేసినవాళ్లు ఈ పోస్టు రాసినవాళ్లలోనే ఉన్నారు. కాబట్టి ఇది మీకు పెడుతున్న వాత కాదు, ముందు మేము పెట్టుకున్నది.

మన పెద్దలు ఎన్ని తరాల కిందటో ఊరూవాడా వదిలి దక్షిణానికి వచ్చిన కథ ప్రతి వార్షికోత్సవంలో చెప్పుకుంటాం. ఇడైసెవల్‌లో పుట్టిన మన కి. రాజనారాయణన్ గారు ఆ వలసను 'గోపల్ల గ్రామం'గా తమిళంలో రాశారు. దాని తర్వాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని గర్వపడతాం. గర్వపడదాం. అయితే పరాయి నేల మీద కొద్ది కుటుంబాలు తమలో తామే ఇచ్చిపుచ్చుకుంటూ ఇన్ని తరాలు గడిపితే, మాట, ఆచారం నిలిచినట్టే రక్తంలోని లోపం కూడా నిలుస్తుంది. ఒకటి మైకులో చెప్పి రెండోది పెరటి గదిలో పెడితే ఎలా?

ఇది మనకొక్కరికే ఉన్న సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడులో పెళ్లైన ఆడవాళ్లలో 28 శాతం మంది దగ్గరి బంధువులనే చేసుకున్నవాళ్లు. దేశం మొత్తం మీద చూస్తే అది 11 శాతమే. మేనరికాన్ని తిట్టడం మా ఉద్దేశం కాదు, మాలో చాలామంది మేనరికం పిల్లలమే. లెక్క తెలుసుకోమంటున్నాం. హెచ్ఎస్‌పీలో కొన్ని రకాలకు మేనరికంతో పనిలేదు, తల్లికో తండ్రికో ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఇంకొన్ని రకాల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ బాగానే నడుస్తారు, ఇద్దరిలోనూ అదే లోపం దాగి ఉంటే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. అక్క కూతురినో అత్త కూతురినో చేసుకున్నప్పుడు అదే లోపం ఇద్దరిలో ఉండే అవకాశం పెరుగుతుంది. ఏ రకమో తెలియాలంటే జన్యు పరీక్ష కావాలి. తెలిస్తే పెళ్లికి ముందే మాట్లాడుకోవచ్చు. తెలియకపోతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం: కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదంటారు. జన్యువు చేసిన దానికి ఇరవై రెండేళ్ల పిల్లను పుట్టింటికి పంపుతారు.

మిషన్ కొనడం సులువు. ఈ మాట మాట్లాడడం కష్టం. కష్టమైనది తప్పించుకోవడానికే సులువైనది కొంటున్నామని మాకు అనిపిస్తోంది.

మరి డబ్బుతో ఏం చేయాలి? వద్దనడమే కాదు, మా కోరికలు కూడా రాస్తున్నాం.

ఒకటి. జబ్బు పేరు తేల్చడం. కాళ్లు బిగుసుకున్న ప్రతి సభ్యుడినీ ఒకసారి నరాల డాక్టరుకు చూపించే ఖర్చు, దారి ఖర్చుతో సహా. డాక్టరు అవసరమన్నవాళ్లకు జన్యు పరీక్ష.

రెండు. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు. రోజూ పిక్కలు, తొడలు సాగదీయడం, నడుముకు, తుంటికి బలం పెంచే వ్యాయామాలు, పడకుండా తిరగడం, పడితే లేవడం నేర్పాలి. అమ్మకూ అన్నకూ కూడా నేర్పాలి. ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన మక్కళైత్ తేడి మరుత్తువం పథకంలో ఇంటికి వచ్చి చేసే ఫిజియోథెరపీ ఉంది. మనలో ఎంతమంది పేరు రాయించుకున్నారు? జబ్బును దాచినవాళ్లు ఎలా రాయిస్తారు?

మూడు. పనిముట్లు. పాదం వేలాడకుండా పట్టే ఏఎఫ్ఓ, రాత్రి స్ప్లింట్, వాకర్, స్నానాల గదిలో గోడకు కడ్డీ, ఎత్తు పీట. ఒక్కో ఇంటికీ వెళ్లి కొలత చూసి ఇవ్వాలి. వేదిక మీద పిలిచి ఒకే సైజు అందరికీ ఇవ్వడం వద్దు.

నాలుగు. కాగితాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, నడక లోపం, దీర్ఘకాలిక నరాల జబ్బులు అందులో ఉన్నాయి. 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే దక్కే హక్కులు వేరు. కోవిల్‌పట్టి వాళ్లకు తూత్తుకుడి జిల్లా ఆఫీసు, విరుదునగర్ వాళ్లకు వాళ్ల జిల్లా ఆఫీసు. ఫారం నింపి, వెంట వెళ్లి, యూడీఐడీ కార్డు చేతికి వచ్చేదాకా వదలని ఇద్దరు కుర్రాళ్లు చాలు. దీనికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు.

ఐదు. మండపానికి ర్యాంపు. భోజనాల హాలు కిందికి. కిందే ఒక వెస్టర్న్ టాయిలెట్, కడ్డీతో.

ఇలా చేయడం కుదురుతుందా అని అడిగేవాళ్లు ఒకసారి తెన్‌కాశి దగ్గర ఆయిక్కుడికి వెళ్లి రండి. అక్కడి అమర్ సేవా సంగాన్ని 1981లో మొదలుపెట్టిన ఎస్. రామకృష్ణన్ గారు 1975లో నౌకాదళ ఎంపిక పరీక్షలో పడి మెడ కింద చలనం పోయినవారు. 2020లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వాళ్ల మనుషులు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి చిన్నపిల్లల లోపాలను ముందే కనిపెట్టి, తల్లులకు వ్యాయామాలు నేర్పుతారు. ఆ పని ఒక మిషన్ చుట్టూ తిరగదు, మనుషుల చుట్టూ తిరుగుతుంది. మనకు అంత దూరం కూడా కాదు. మన బస్సు యాత్రల్లో ఒకటి ఈసారి గుడికి కాకుండా అక్కడికి వేద్దాం.

ఇవన్నీ అయ్యాక కూడా మిషన్ కొనాలనుకుంటే కొనండి, మేమే వచ్చి రిబ్బను కడతాం. కొన్ని షరతులు మాత్రం ఉన్నాయి. నరాల డాక్టరు చీటీ లేనిదే కాలు పెట్టనివ్వకూడదు. చదువుకున్న ఫిజియోథెరపిస్టు తప్ప ఎవరూ ఆ తుపాకీ ముట్టకూడదు. మొదటి సిట్టింగుకు ముందు పది మీటర్ల నడకను టైము పెట్టి ఫోన్‌లో వీడియో తీయాలి, నాలుగో సిట్టింగు తర్వాత మళ్లీ తీయాలి. నడకో నొప్పో నిద్రో ఏదీ మెరుగుపడకపోతే ఆపేయాలి. సిట్టింగు అయిన ప్రతిసారీ వ్యాయామం ఉండాలి, ఎందుకంటే కండరం మెత్తబడిన ఆ కొద్ది రోజులే సాగదీయడానికి అనువైనవి. బాక్లోఫెన్ లాంటి మాత్రలను "మిషన్ వచ్చింది కదా" అని ఎవరూ హఠాత్తుగా మానకూడదు, అలా మానడం ప్రమాదం. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి: ఇది జబ్బును నయం చేయదు, కొందరికి కొన్నాళ్లు నొప్పి, బిగుతు తగ్గిస్తుంది. ఆ బోర్డుకు దాతల పేర్లు రాసిన రేకంత సైజు ఉండాలి.

మా పిల్లాడొకడికి పదకొండేళ్లు. సమావేశంలో మైకు మాట వాడూ విన్నాడు. ఇంటికొచ్చి, "నాయనా, మిషన్ వస్తే నేను స్కూల్లో హాకీ ఆడొచ్చా?" అని అడిగాడు. కోవిల్‌పట్టిలో పుట్టిన పిల్లాడు హాకీ కాక ఇంకేం అడుగుతాడు? వాళ్ల నాయన ఏం జవాబు చెప్పాలో తెలియక బయటికొచ్చి నిలబడ్డాడు. ఆ జవాబు చెప్పాల్సింది ఆయన కాదు. మైకు పట్టుకున్నవాళ్లు వచ్చి వాడి పక్కన కూర్చుని చెప్పాలి.

వచ్చే సమావేశంలో తీర్మానం మళ్లీ వస్తుంది. ఓటు వేసే ముందు మాలో ఒకరికి పది నిమిషాలు మైకు ఇవ్వండి. వేదిక మెట్లు ఎక్కలేం కాబట్టి, మైకే కిందికి తెప్పించండి.

ఇట్లు,
కోవిల్‌పట్టి, విరుదునగర్ శాఖల ఆరు కుటుంబాలు

(ఇలాంటి నడక మీ ఇంట్లో ఉంటే, పేరు బయట పెట్టకుండా మాతో మాట్లాడవచ్చు. మేమెవరో మీకు తెలుసు. పెళ్లిళ్లలో కింద కూర్చునేవాళ్లం.)